గాజుతొట్టిలో నీనెవె

ఫిబ్రవరి 9, శనివారం

ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. ఎనిమిది డబ్బాలు. కొన్ని గాజువి, కొన్ని ప్లాస్టిక్‌వి, ఒకటి హల్వా అమ్మే రేకు డబ్బా. మొగుడి ఇల్లు వదిలి వచ్చే ఆడది బట్టలు తెచ్చుకుంటుంది, గిన్నెలు తెచ్చుకుంటుంది. నా చెల్లెలు ఇస్తీర్ కెనా పట్నం నుంచి తేలును తెచ్చుకుంది. ఒక తేలు, ఒక గొల్లభామ, మూడు శంఖుపీతలు, రెండు తెల్ల నత్తలు, ఒక వెయ్యికాళ్ల రోకలిబండ, ఇంకా ఎటు పోతున్నాయో వాటికే తెలియని నల్ల ఎడారి పురుగులు. బడిలో ప్రయోగశాల చూసుకునే ఉద్యోగం చేస్తే చేసింది, ఆ ప్రయోగశాలను నా ఇంట్లోకి మోసుకురావాలా? వాక్యం కోసం నలుగురు ఇంటికొస్తే ఎక్కడ కూర్చోబెట్టను? తేలు పక్కనా?

అసలు కోపం వీటి మీద కాదు. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం ఇది, రాసుకుంటాను. ఈ ఉదయం ఫూల్ చిక్కుడు గింజలు తింటూ ఇస్తీర్ అడిగింది. బిషప్ గారి కార్యాలయంలో కుటుంబ సంఘం మార్చి ఇరవైన కూర్చుంటుందట. మొగుడు నస్సీఫ్ నుంచి వేరుగా బతకడానికి అనుమతి కావాలంటే, కళ్లతో చూసినవాళ్ల మాట కావాలట. లేకపోతే తిరిగి కెనా వెళ్లమంటారట. "నువ్వొచ్చి చెప్పు అన్నయ్యా," అంది. ఏం చెప్పాలో అనలేదు.

నేనేం చూశాను? రెండేళ్ల కిందట పండక్కి వాళ్లింటికి వెళ్లాను. అది జరిగినప్పుడు నేను ఇంట్లో లేను, రొట్టెలు కొనడానికి వెళ్లాను. చూడనిది చూశానని చెప్పడం అబద్ధ సాక్ష్యం. తొమ్మిదో ఆజ్ఞ. దేవుడు జతపరచినవారిని మనిషి విడదీయకూడదని ఇరవై ఏళ్లుగా చెబుతున్న ఈ నోటితో నేను పోయి విడదీయమని చెప్పాలా?

ఫిబ్రవరి 12, మంగళవారం

అమ్షీర్ నెల దుమ్ముగాలి. రేవులో ఒక్క పడవా కదల్లేదు, నాకు ఇంజను పని లేదు. ఇంట్లో కూర్చుంటే కళ్ల ముందు ఆ డబ్బాలు.

ఇన్నెందుకు, అన్నిటినీ ఒకదాంట్లో వెయ్యి అన్నాను. నవ్వింది. నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. పీతకు తడి కావాలట, నల్లపురుగుకు తడి తగిలితే బూజు పడుతుందట. రోకలిబండను భయపెడితే విషపు చెమట పోస్తుందట. తేలు సంగతి చెప్పనే అక్కర్లేదట. వాటివల్ల తప్పేమీ లేదు, ఒకచోట పెట్టినవాడిదే తప్పు, అంది.

నేను బైబిల్లో యెషయా గ్రంథం తీశాను. తోడేలు గొర్రెపిల్ల దగ్గర కాపురముంటుంది, పాలు మరచిన పిల్ల మిడినాగు పుట్ట మీద చెయ్యి చాపుతుంది. నోవహు సంగతీ అడిగాను. ఒక్క ఓడ, సింహం నుంచి చీమ దాకా అందులోనే. నలభై రోజుల వాన, ఏడాది నీళ్లు. ఎవరు ఎవర్ని తిన్నారు?

"యెషయా చెప్పిన రోజు ఇంకా రాలేదు అన్నయ్యా," అంది, పీత ఇసుక మీద నీళ్లు చల్లుతూ. "వచ్చేదాకా మూతలు పెట్టుకోవాలి."

ఆడదానికి నోరెక్కువైతే మొగుడైనా ఏం చేస్తాడు. రాసిన తర్వాత ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. కోపంలో వచ్చిన మాట, ఉండనీ.

ఫిబ్రవరి 14, గురువారం

ఇస్తీర్ కెనా వెళ్లింది. వైద్యుడి కాగితం తెచ్చుకోవాలి, బడిలో సెలవు సంగతి చూసుకోవాలి, పిన్ని కూతురి దగ్గర రెండు వారాలు ఉంటుంది. డబ్బాల బాధ్యత ఫైకాకు అప్పగించింది. నా భార్య తేలున్న డబ్బా ముట్టుకోదు, కాబట్టి ఇస్తీర్ రాసిచ్చిన కాగితం నా చేతికొచ్చింది. ఏది ఏం తింటుందో వరసగా రాసింది. గొల్లభామకు బతికున్న ఈగలు. తేలుకు వారానికో బొద్దింక. పీతలకు ఎండుచేప పొడి, ఒక మూతలో ఉప్పునీళ్లు, ఇంకో మూతలో మంచినీళ్లు. పెద్ద పీత జోలికి వెళ్లొద్దు, ఇసుకలోకి దిగబోతోంది. చివర రెండు గీతలు గీసి: ఎవర్నీ ఎవరితోనూ కలపొద్దు.

నా ఇంట్లో నాకు ఆజ్ఞలు.

షెడ్డులో పాత చేపల తొట్టి ఉంది, మూతపడ్డ హోటల్‌వాళ్లు పడేస్తే తెచ్చి బోల్టులు పోసుకుంటున్నాను. బోల్టులు తీశాను, కడిగాను. సగం తడి ఇసుక, సగం పొడి ఇసుక, మధ్యలో రాయి, ఒక ఎండుకొమ్మ. మధ్యాహ్నానికి ఎనిమిది డబ్బాలు ఖాళీ. తేలును పట్టుకారుతో దించాను. ఏదీ దేన్నీ ముట్టుకోలేదు. తేలు రాయి కిందికి పోయి పడుకుంది. గొల్లభామ కొమ్మెక్కి చేతులు జోడించింది. మా నాయనమ్మ దాన్ని ప్రవక్త గుర్రం అనేది, ఊరికే అనలేదు.

అరగంట చూస్తూ నిలబడ్డాను. నా కళ్ల ముందు యెషయా పదకొండు.

ఫిబ్రవరి 15, శుక్రవారం

నా శుక్రవారం వాక్యం సభ నిండింది. వాకిట్లో కూడా నిలబడ్డారు. తొట్టిని బల్ల మీద పెట్టి ఎర్ర గుడ్డ కప్పాను, సమయం చూసి గుడ్డ తీశాను. ఆడవాళ్లు గుండెల మీద సిలువ గీసుకున్నారు. ఫోన్లలో పట్టుకున్నారు. ఈ ఊళ్లో అన్నదమ్ములు గోడ కోసం కొట్టుకుంటారు, తోడికోడళ్లు పొయ్యి కోసం కొట్టుకుంటారు, ఆలూమగలు ఊరికే కొట్టుకుంటారు. మీకంటే తేలు నయం, అని అరిచాను. నస్సీఫ్ కొనిచ్చిన మైకులో నా గొంతు చర్చి గంట దాకా పోయింది.

మా చర్చి గురువు అబూనా సరబామోన్ వెనక వరసలో కూర్చున్నారు. అయిపోయాక, బాగుంది మేస్త్రీ, అవి ఏం తింటాయి, అని అడిగారు. అంత వాక్యం విన్నాక తిండి మాటా అడగాల్సింది? వేదపాఠశాలలో చదివినవాళ్లకు పడవ ఇంజన్లు బాగుచేసేవాడు బోధిస్తే అరగదు. నేను ఏ పాఠశాలకూ పోలేదు. నూనె చేతులతో పేజీలు తిప్పి నేర్చుకున్నాను.

ఫిబ్రవరి 18, సోమవారం

నీనెవె ఉపవాసం మొదలు. మూడు రోజులు.

తొట్టి వైపు చూస్తూ యోనా మూడో అధ్యాయం చదివాను. నీనెవె రాజు ఒట్టి మనుషులకే ఉపవాసం పెట్టలేదు. ఎద్దులు, గొర్రెలు, ఏ పశువూ మేత ముట్టకూడదన్నాడు, నీళ్లు కూడా తాగకూడదన్నాడు, పశువులకు కూడా గోనెపట్ట కప్పమన్నాడు. దేవుడు ఆ పట్టణాన్ని క్షమించాడు. ప్రతి ఏడూ చదువుతాం, ప్రతి ఏడూ మన గాడిదలకు మేత వేస్తాం. ఒక్కడైనా చదివింది చదివినట్టు చేశాడా?

ఎండుచేప పొడి తీసేశాను. నీళ్ల మూతలు కూడా. ఫైకా పట్టుకుంటున్న ఈగల సీసా బయట ఖాళీ చేశాను.

"పాపం వాటికేం తెలుసు?" అంది ఫైకా.

నీనెవె దున్నకు తెలుసా, అన్నాను.

ఫిబ్రవరి 20, బుధవారం

మూడో రోజు. ఒక్కటీ చావలేదు. అల్పవిశ్వాసులారా.

ఫిబ్రవరి 21, గురువారం

మేము ఉపవాసం విడిచాం. నీళ్ల మూతలు మళ్లీ పెట్టాను. మాంసం మాత్రం వద్దనుకున్నాను. పదిరోజుల్లో పెద్ద ఉపవాసం రానే వస్తోంది, యాభై ఐదు రోజులు మేమంతా పాలు, గుడ్లు, మాంసం మానేసి గింజలూ కూరలూ తింటాం. నా కప్పు కింద ఉన్న ప్రాణి దానికి ముందే అలవాటు పడాలి. దోసకాయ ముక్కలు, నానబెట్టిన పప్పు వేశాను. ఏదెను తోటలో సింహం కూడా ఆకే తిన్నది.

నత్తల మీద నీళ్లు చల్లాను. ఆరు నెలలుగా మూతి బిగించుకుని నిద్రపోతున్నాయని ఇస్తీర్ చెప్పింది. లాజరూ బయటికి రా అన్నాను. వచ్చాయి. మెత్తటి తెల్లటి మెడలు చాపుకుని వచ్చాయి. ఒక్కడినే నిలబడి ఏడ్చాను.

పెద్ద పీత కనిపించడం లేదు. రాయి పక్కన ఇసుక కాస్త ఉబ్బి ఉంది. అక్కడే దిగినట్టుంది.

ఫిబ్రవరి 22, శుక్రవారం

నిన్న చూసినవాటికంటే గొప్పది ఈ తెల్లవారుజామున చూశాను. చిన్న పీత తన పాత శంఖం వదిలేసి నత్త ఇంట్లో ఉంది. తెల్లటి గుండ్రటి ఇల్లు వీపు మీద పెట్టుకుని దర్జాగా తిరుగుతోంది. నత్త తన ఇల్లు ఇచ్చేసింది. రెండు అంగీలున్నవాడు ఒకటి లేనివాడికివ్వాలని సువార్త చెబితే మనం చెవిన పెట్టం. నత్తకు ఉన్నది ఒక్కటే, అదీ ఇచ్చింది.

సభలో దాని మీదే చెప్పాను. ఆతిథ్యం. ఇంట్లో చోటివ్వడం. ఇస్తీర్ ఇక్కడ ఉండి వింటే బాగుండేది, అన్నయ్య ఇంట్లో ఎంత చోటు ఉందో తెలిసేది.

ఇల్లు ఇచ్చేసిన నత్త ఎక్కడుందని మా వీధి ముసలి బల్సమ్ పిన్ని అడిగింది. ఎక్కడో ఉంటుంది, అన్నాను.

సాయంత్రం నస్సీఫ్ ఫోన్ చేశాడు. ఎవరో పంపితే నా ఉపన్యాసం చూశాడట. "బావా, కళ్లలో నీళ్లు తిరిగాయి," అన్నాడు. మందులషాపు పెట్టుకున్నవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. ఎప్పుడూ గొంతు పెంచగా నేను వినలేదు. సంఘం ముందు కూడా ఇదే చెప్పు, ఇల్లు నిలబడుతుంది, అన్నాడు. ఇలాంటి మనిషిని...

నేను రొట్టెలు కొనడానికి వెళ్లాను. ఐదు రొట్టెలు.

ఫిబ్రవరి 26, మంగళవారం

గొల్లభామ మూడు రోజులుగా కొమ్మ దిగలేదు. తల కాస్త వంచి, రెండు చేతులూ రొమ్ము దగ్గర ముడిచి, అదే భంగిమ. దోసకాయ ముట్టలేదు. ఈగలు అడగలేదు. నేను ఉదయం మోకాళ్లూని లేచేసరికి నడుము పట్టేస్తుంది, అది మాత్రం కదలదు. దాన్ని చూసి సిగ్గుపడ్డాను. ఈ శుక్రవారం దీని మీదే చెబుతాను.

మార్చి 1, శుక్రవారం

బల్సమ్ పిన్ని నా పరువు తీసింది.

ఎడతెగక ప్రార్థించుడి, అని మొదలుపెట్టాను. ఆరు రోజులుగా ఆహారం ముట్టకుండా, కదలకుండా ప్రార్థిస్తున్న ఈ చిన్న ప్రాణిని చూడండి, అన్నాను. పిన్ని చేతికర్ర ఆనించుకుంటూ ముందుకొచ్చింది. తొట్టికి ముక్కు ఆనించి చూసింది. మూత తీసి, నేను ఆపేలోపల వేలితో కొమ్మను మీటింది. అది ఎండుటాకులా ఇసుక మీద పడింది. చేతులు జోడించుకునే ఉంది.

"ఇది చచ్చి వారమైంది నాయనా," అంది పిన్ని. మైకు నా చేతిలోనే ఉంది. ఆ మాట చర్చి గంట దాకా పోయింది.

ముందు ఎవరో తుమ్మినట్టు వినపడింది. తర్వాత తెలిసింది, నవ్వు. తర్వాత అందరూ. రేవులో నా పక్కన కూర్చుని చేపలు తినేవాళ్లు, వాళ్లూ. అబూనా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

నీతిమంతుణ్ణి చూసి నవ్వినవాళ్ల గతి ఏమిటో రాజుల గ్రంథంలో ఉంది. రెండు ఎలుగుబంట్లు వచ్చి నలభై ఇద్దరిని చీల్చేశాయి.

మార్చి 2, శనివారం

ఇస్తీర్ వచ్చింది.

వాకిట్లో సంచి దించి ముందుగదిలోకి చూసింది. ఖాళీ డబ్బాలు ఒకదానిలో ఒకటి పేర్చి పెట్టాను, తుడిచి కూడా పెట్టాను. ఎంత చోటొచ్చిందో చూడు అని చెప్పబోయాను. ఆమె తొట్టి దగ్గరికి పోయింది. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, అందుకు సిద్ధంగా ఉన్నాను. మూత తీసింది, వాసన చూసింది, కిటికీ తెరిచింది. ఒక్కొక్కటే బయటికి తీసి గుడ్డ మీద పెట్టింది. రోకలిబండ చుట్ట చుట్టుకుని చచ్చి ఉంది. నల్లపురుగులు రెండు బతికాయి, మూడిటికి కడుపు కింద తెల్లటి బూజు. రెండో నత్త ఇంట్లో రెండో పీత. నత్తలు రెండూ చిన్న ఎండు తోలుముక్కలై ఇసుకలో.

అది ఇచ్చింది, అన్నాను. ఇల్లు అది ఇచ్చింది.

నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను.

తర్వాత చెంచాతో ఇసుక తవ్వింది. రాయి కిందుగా తేలు సొరంగం చేసింది, అది నేరుగా పెద్ద పీత దిగిన చోటికి పోయింది. పెద్ద పీత పద్నాలుగేళ్లది. ఇస్తీర్ పెళ్లికి ముందు వారం మా ఊరి తీరం నుంచే తీసుకుపోయింది. పీత పాత పెంకు విడిచేటప్పుడు ఇసుకలోకి దిగి నెలరోజులు ఉంటుందట. అప్పుడు దాని ఒళ్లంతా పాలమీగడలా మెత్తగా ఉంటుందట. అప్పుడు ఎవరూ ముట్టుకోకూడదట. ఇదంతా ఆమె ఇప్పుడు చెప్పలేదు, అప్పుడెప్పుడో చెప్పింది, నేను వినలేదు. శంఖంలో వేళ్లంత కాళ్లు రెండు మిగిలాయి. మిగతాది లేదు.

తేలుకు తిండి లేకపోతే ఏం చేస్తుంది అని నన్నడిగింది. నేను ఉపవాసం సంగతి చెప్పాను. నీనెవె, దున్నలు, గోనెపట్ట.

చాలాసేపు గుడ్డ మడతపెట్టింది. కుడిచెయ్యి సరిగా ముడుచుకోదు ఆమెకు, అందుకని ఏ పనైనా ఆలస్యమవుతుంది.

"నీకు తెలియక చేశావని అనుకోమంటావా? కాగితం మీద రాసిచ్చాను. నువ్వు చదవగలవు. అందరికంటే బాగా చదవగలవు." గుడ్డ పక్కన పెట్టి అంది, "నీ గొంతు నీది కాదు అన్నయ్యా. ఆయన కొనిచ్చిన మైకులోంచి వస్తోంది."

మార్చి 3, ఆదివారం

తేలు పగలు కదలదని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. గొల్లభామ ఆకు తినదని? అది రాసిందనుకో. కాని ఇలా అవుతుందని రాయలేదు. "కలపొద్దు" అని రాస్తే సరిపోతుందా? కారణం రాయాలి. కారణం చెబితే వినేవాణ్ణి.

వినేవాణ్ణా?

మార్చి 4, సోమవారం

పెద్ద ఉపవాసం మొదలు. తేలుకు బొద్దింక వేశాను. నా చేత్తోనే.

మార్చి 7, గురువారం

ఇస్తీర్ మాట్లాడటం లేదు. అడిగినదానికి జవాబు చెబుతుంది, అంతే. మిగిలిన రెండు పీతలు, రెండు పురుగులు, తేలు మళ్లీ వాటి డబ్బాల్లోకి వెళ్లాయి. మూడు డబ్బాలు ఖాళీగా కిటికీలో ఉన్నాయి. వాటిని లోపల పెట్టమని నేను అనలేదు.

ఆమెకు జవాబు చూపించాలని నోవహు అధ్యాయం తీశాను. ఆరో అధ్యాయం, పద్నాలుగో వచనం. ఎన్ని వందలసార్లు మైకులో చదివానో. చెక్కతో ఓడ చెయ్యి, లోపలా బయటా కీలు, అంటే తారు, పుయ్యి. ఈ రెంటి మధ్య ఒక మాట ఉంది. అరలు పెట్టి చెయ్యి, అని.

అరలు.

దేవుడు వాన గురించి చెప్పకముందే, జంతువుల పేరెత్తకముందే, ఓడ పొడవూ వెడల్పూ కొలత ఇవ్వకముందే చెప్పాడు. గోడలు కట్టు అన్నాడు. ఇరవై ఏళ్లుగా నేను ఆ మాట మీదుగా దూకి కీలు దగ్గరికి పోతున్నాను. ఎందుకంటే నేను మెకానిక్‌ని, కీలు గురించి చెబితే జనం నవ్వేవాళ్లు.

పుస్తకాన్ని గోడకేసి కొట్టాలనిపించింది. పుస్తకం తప్పేముంది?

మార్చి 10, ఆదివారం

ఫైకా టీ తెచ్చి ముందు పెట్టింది. తాగలేదు. చల్లారనీ అన్నాను.

ఎదురుగా కూర్చుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె నా ఎదురుగా ఇలా పని లేకుండా కూర్చున్నది నాలుగైదుసార్లు. రెండేళ్లుగా మీరు టీ చల్లార్చుకునే తాగుతున్నారు, అంది. కెనా నుంచి వచ్చిన రోజు మొదలు. ఆ రోజు నేను గ్లాసు అందిస్తే, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు, గ్లాసు పగిలింది, అంది. నేనడగలేదు, ఇప్పుడూ అడగను, అంది.

"అడగనని చెప్పడమే అడగడం," అన్నాను.

"అయితే చెప్పండి."

లేచి షెడ్డుకు పోయాను. నేను ఇంట్లో లేను. రొట్టెలకు వెళ్లాను. వెళ్లిన మాట నిజం.

మార్చి 14, గురువారం

నస్సీఫ్ వచ్చాడు. ఉపవాసమని పాలు లేని తీపి రొట్టెలు ఒక పెట్టెడు తెచ్చాడు, ఫైకాకు మోకాళ్ల నొప్పికి మందు తెచ్చాడు. ఇస్తీర్ వంటింట్లోంచి బయటికి రాలేదు. అతను కూడా రమ్మనలేదు. ఆమె ఇష్టం బావా, కోపం చల్లారనీ, అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, చూసినవాళ్లెవరైనా తప్పు ఆమెదే అనుకుంటారు. నేను అనుకున్నాను. రెండేళ్లు అనుకున్నాను.

పోయేముందు కిటికీలో డబ్బాల దగ్గర ఆగాడు. తేలు డబ్బా మూత మీద వేలితో కొట్టాడు. టక్, టక్, టక్. లెక్కపెడుతూ. లోపల తేలు తోక లేపింది. ఏడు దాకా లెక్కపెట్టి ఆపాడు, నవ్వాడు.

"బుధవారం త్వరగా రా బావా. మొదట నువ్వే మాట్లాడాలి, ఒకే తొట్టి సంగతి చెబుదువుగాని."

ఆ లెక్క నాకు తెలుసు. ఆ లెక్క నేను విన్నాను. రొట్టెల అంగడిలో అది వినపడదు.

మార్చి 20, బుధవారం

రాస్తాను. ఇప్పుడే రాయకపోతే రేపటికి నా చెయ్యి దీన్ని మార్చేస్తుంది.

బిషప్ గారి కార్యాలయంలో పొడవాటి గది. ఇద్దరు ముసలి గురువులు, వాళ్ల మధ్య రిటైరైన జడ్జి గారొకరు. ఇస్తీర్ ఒక చివర, నస్సీఫ్ ఇంకో చివర, నాకు మధ్యలో కుర్చీ. వైద్యుడి కాగితం చూశారు. కుడి అరచేతి మీద పాత కాలిన మచ్చ, వేళ్లు ముడుచుకోవు. వంటింట్లో ప్రమాదం అని నస్సీఫ్ చెప్పాడు. నీళ్లు నిండిన కళ్లతో చెప్పాడు. గురువుల్లో ఒకాయన తల ఊపాడు.

ఫల్తస్ మేస్త్రీ, ఆ రోజు మీరు అక్కడే ఉన్నారట కదా, మీరేమైనా చూశారా, అని జడ్జి గారు అడిగారు. నా చేతిలో బైబిల్. గుర్తుగా కాగితం ముక్క పెట్టిన పేజీ యెషయా పదకొండు. అది చదవడానికే పెట్టుకుని బయల్దేరానో, చదవకూడదని పెట్టుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

నేను నోరు తెరవకముందే నస్సీఫ్ అందుకున్నాడు. "బావ అప్పుడు రొట్టెలకు వెళ్లాడు పెద్దాయనా. నేనే పంపాను."

"పంపావు," అన్నాను. నా గొంతు ఆ గదికి చాలా పెద్దది. మైకు లేకుండానే. "ఎప్పుడు పంపావు నస్సీఫ్? ముందా, తర్వాతా?"

అతను జేబురుమాలు తీశాడు. అప్పుడు నేను చెప్పాను. వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. పొయ్యి మీద టీ కెటిల్ మరుగుతోంది. అతను నా చెల్లెలి మణికట్టు పట్టుకుని, అరచేతిని ఆ కెటిల్‌కు ఆనించి, నెమ్మదిగా లెక్కపెట్టాడు. ఏడు దాకా. ఆమె అరవలేదు, ఇంటికి అన్నయ్య వచ్చాడు కాబట్టి అరవలేదు. ఏడు అన్నాక తలెత్తి నన్ను చూశాడు. ఏమాత్రం తడబడలేదు. బావా, కాస్త రొట్టెలు తెస్తావా, ఐదు చాలు, అన్నాడు.

పెద్ద గురువు నన్ను అడిగారు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని. నాకు నోటికొచ్చిన వచనాలు వెయ్యి ఉన్నాయి. ఒక్కటీ రాలేదు.

విడిగా ఉండటానికి అనుమతి ఇచ్చారు. పూర్తి తీర్పు బిషప్ గారు రాస్తారు, కాని ఆమె కెనా వెళ్లనక్కర్లేదు. ఈ రోజు నుంచి వెళ్లనక్కర్లేదు. జడ్జి గారు ఆ మాట రెండుసార్లు చెప్పారు.

మార్చి 21, గురువారం

నిన్న రాయనిది ఒకటి ఉంది.

తిరిగొచ్చే బస్సులో ఇస్తీర్ నా పక్కన కూర్చోలేదు, ముందు సీట్లో కూర్చుంది. కొండల మధ్య దారి, రెండు వైపులా రాయి. నేను ఎదురుచూస్తున్నాను. ఏదో అంటుందని. అన్నయ్యా అంటుందని, ఏడుస్తుందని, మెచ్చుకుంటుందని. అవును, మెచ్చుకుంటుందని. ఎంతైనా బోధకుణ్ణి, చెప్పాక జనం ముఖాలు చూడటం అలవాటు.

సగం దారి అయ్యాక వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"నువ్వు చూశావని నాకు ఆ రోజే తెలుసు. గుమ్మంలో నీ చెప్పులు కనిపించాయి." తల కిటికీకి ఆనించుకుంది. "వాళ్లకు అంతా చెప్పావు. రొట్టెలు తెచ్చావో లేదో చెప్పలేదు."

తెచ్చాను. వేడివి, ఐదు. సంచిలో పెట్టుకుని, చల్లారకుండా చంకలో పట్టుకుని తెచ్చాను. బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. పెద్దవాణ్ణి కాబట్టి, వాక్యం తెలిసినవాణ్ణి కాబట్టి, ప్రార్థన నన్నే చెయ్యమన్నాడు. చేశాను. ఈ ఇంటిని దీవించమని చేశాను. రొట్టె విరిచి మొదటి ముక్క నా చెల్లెలికి అందించాను. ఆమె ఎడమచేత్తో అందుకుంది.